మన కబురు బొమ్మగా కాదు, అక్షరంగా పంపుదాం

ములుగు జిల్లా ప్రజలకు, డీటీపీ సెంటర్ల మిత్రులకు, కంప్యూటర్ చదువులు చదివిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు విజ్ఞప్తి

మేడారం జాతర దగ్గరపడిందంటే హైదరాబాద్ నుంచి డల్లాస్ దాకా ఉన్న మనవాళ్లంతా ఊరి కబురు కోసం ఎదురుచూస్తారు. కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు ఎప్పుడు చేరుతుంది, చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను ఎప్పుడు తెస్తారు, బస్సులు ఎక్కడ ఆగుతాయి అని అడుగుతారు. మనమూ ఈమెయిల్ పంపుతున్నాం. కానీ కరపత్రాన్ని అను ఫాంట్లలో కొట్టించి, జేపీజీ చేసి, ఆ బొమ్మనే మెయిల్లో పెట్టేస్తున్నాం.

కొత్త చోటి నుంచి వచ్చిన మెయిల్లో బొమ్మలను ఔట్‌లుక్ లాంటివి చాలాసార్లు ఆపేస్తాయి. చదువుదామని తెరిస్తే ఖాళీ డబ్బా! వాజేడు, కన్నాయిగూడెం వైపు సిగ్నల్ అందీ అందని చోట ఆ బరువు బొమ్మ దిగదు. చూపులేని వారికి ఫోన్ దాన్ని సరిగా చదివి వినిపించలేదు. అను ఫాంట్ అక్షరాలు యూనికోడ్ కావు గనుక, కాపీ చేసి మెయిల్లో పెడితే పిచ్చిగీతలవుతాయి. అందుకే బొమ్మ చేయాల్సి వస్తోంది. డీటీపీ వాళ్ల తప్పేమీ లేదు, అచ్చుపనికి ఆ ఫాంట్లు ఎంతో సేవ చేశాయి. మెయిల్‌కు మాత్రం అవి పనికిరావు.

మేం కోరేది ఒక్కటే. యూనికోడ్ తెలుగు కోసమే రాసిన ఒక హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్ కావాలి. అది జిల్లా అంతటికీ ఉమ్మడిగా, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఉండాలి.

రెడీమేడ్ టెంప్లేట్లు బోలెడున్నాయి కదా అంటారేమో. అవి ఇంగ్లిషు ఒంటికి కుట్టిన చొక్కాలు. మన పేర్లే చూడండి: సమ్మక్క, సారలమ్మ, రామప్ప, జంపన్న. వత్తు లేని పేరు లేదు. ఇంగ్లిషుకు సరిపడే ఇరుకు లైన్‌హైట్‌లో మన వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. ఎత్తును ఇన్ని పిక్సెళ్లని ఖచ్చితంగా బిగిస్తే ఔట్‌లుక్‌లో వత్తు సగానికి తెగుతుంది. అమ్మవారి పేరు అలా తెగి కనపడితే ప్రాణం ఉసూరుమంటుంది. తెలుగుకు 1.6 లేదా 1.7 లైన్‌హైట్ ఇవ్వాలి, అక్షరాల మధ్య అదనపు ఎడం పెట్టకూడదు.

బరువు సంగతీ ఉంది. యూటీఎఫ్-8లో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు, మన ‘మ్మ’కు తొమ్మిది కావాలి. జీమెయిల్ సుమారు 102 కేబీ దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరిస్తుంది. అక్కర్లేని కోడ్ నిండిన టెంప్లేట్‌లో పొడవాటి తెలుగు లేఖ పెడితే చివరి పేరాలు, ‘ఇక పంపవద్దు’ అనే లింకు కనపడకుండా పోతాయి.

టెంప్లేట్ కోడ్‌కు పాత పద్ధతే మేలు. 600 పిక్సెళ్ల వెడల్పు, టేబుళ్లతో అమరిక, స్టైళ్లు ఆయా ట్యాగుల్లోనే. 2007 నుంచి విండోస్ క్లాసిక్ ఔట్‌లుక్ మెయిల్‌ను వర్డ్ ఇంజన్‌తో చూపిస్తోంది, దానికి టేబుళ్లే బాగా అర్థమవుతాయి. మల్లన్న, రామభద్ర ఫాంట్లు అందమైనవే, కానీ జీమెయిల్ వాటిని దించుకోదు. నిర్మలా యూఐ, గౌతమి, నోటో సాన్స్ తెలుగు, కోహినూర్ తెలుగు వరుసగా రాస్తే పాఠకుడి దగ్గరున్నదే వస్తుంది. భాష తెలుగని కోడ్‌లో తప్పక చెప్పాలి, అప్పుడే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుతో చదువుతుంది. ఫొటో ఉంటే దాని కింద అదేమిటో తెలుగులో రాయాలి.

సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విద్యార్థులు దీన్ని రకరకాల ఫోన్లలో పరీక్షించి పెట్టాలని కోరుతున్నాం. పంచాయతీలు, గ్రంథాలయాలు, యువజన సంఘాలు తమ పాత కరపత్రాలను యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వాలి. తప్పులు దిద్దడానికి తెలుగు పంతుళ్లు ముందుకు రావాలి.

రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు దక్కింది 2021 జూలై 25న. వచ్చే జూలై 25 నాటికి ఆ గుడి ఉన్న పాలంపేట గురించి, దాని ఇసుక పునాది గురించి, నీళ్ల మీద తేలే ఇటుకల గురించి మొదటి లేఖ ఈ టెంప్లేట్‌లోనే పోవాలి. కోడ్ రాయగలవాళ్లు ఈ వారమే పని మొదలుపెట్టండి.