శాలువా లేని చిత్రం

సన్మానసభలలో తీసే ఛాయాచిత్రాలన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. మధ్య ఒక కుర్చీ, కుర్చీలో శాలువా కప్పుకొన్న పెద్దమనిషి, మెడలో దండ, చేతిలో జ్ఞాపిక, ఇరుప్రక్కల నిర్వాహకులు. ఆ దండ వేయించుకొన్నవారు ఏమి చేసి దానికి పాత్రులైనారో చిత్రం చెప్పదు. వైద్యుడైనా, వైణికుడైనా, నలభై యేండ్లు పాఠం చెప్పి విశ్రమించిన ఉపాధ్యాయుడైనా అక్కడ ఒక్కటే. గౌరవం పొందినవారి ముఖం కంటె గౌరవించినవారి ముఖాలే అందులో స్పష్టంగా కనిపించటం కూడ కద్దు.

మన ఊరిలో గుర్తింపునకు అర్హులైన ఒకరిని గురించి చిత్రవ్యాసం కూర్చుకొని రమ్మని విద్యార్థులకు పని అప్పగించే ఉపాధ్యాయులు ఇప్పుడున్నారు. మెచ్చుకోదగిన సంగతే. ఫోనున్న ప్రతి చేతిలోను కెమెరా ఉన్న కాలమిది. అయితే చేతిలో కెమెరా ఉన్నంత మాత్రాన చూపు మారదు. దండ లేకపోయినా, ఆ పెద్దమనిషిని గోడ ముందు నిలబెట్టి తీసిన పది చిత్రాలు సన్మానసభ చిత్రానికి తోబుట్టువులే. చిత్రవ్యాసం ముఖాన్ని చూపటంతో ఆగదు. ఒకరి పని ఎట్లా నడుస్తున్నదో, ఏది లేక కుంటుతున్నదో చూపుతుంది.

అమెరికాలో 'లైఫ్' అనే వారపత్రిక 1951 డిసెంబరు 3వ తేదీ సంచికలో మాడ్ కాలెన్ అనే నల్లజాతి నర్సును గురించి ఇటువంటి చిత్రవ్యాసం ప్రకటించింది. తీసినవాడు యూజీన్ స్మిత్. కాలెన్ 1923లో దక్షిణ కెరొలైనా రాష్ట్రంలోని పైన్‌విల్ అనే పల్లెకు వచ్చి స్థిరపడ్డారు. దాదాపు నాలుగువందల చదరపు మైళ్ళ మేర, బురద బాటల వెంట తిరుగుతూ, వైద్యుడు అందుబాటులో లేని నిరుపేదలకు ఆమె నర్సు, మంత్రసాని, ఆప్తబంధువు. ఇతర మంత్రసానులకు పాఠం చెప్పేవారు కూడ. నల్లవారికి బడి వేరు, బస్సులో చోటు వేరు అయిన రోజులవి. అటువంటి రోజులలో, తెల్లవారు అధికంగా చదివే పత్రికలో, ఒక నల్లజాతి స్త్రీని గురించి అన్ని పుటలు వెచ్చించటం సామాన్యం కాదు.

స్మిత్ ఆ పుటలలో కాలెన్‌ను పొగడలేదు. ఆమె వెంట వారాల తరబడి తిరిగాడు. చాలీచాలని వెలుతురులో, పూరిగుడిసెలో, నొప్పులు పడుతున్న తల్లి ప్రక్కన ఆమె ఉన్న రాత్రిని చూపాడు. అలసటను దాచలేదు. ఒక చక్కని వైద్యశాల కావాలని ఆమె ఆశపడుతున్న సంగతి కూడ పాఠకులకు తెలిసింది. ఫలితమేమిటంటే, ఎవరూ శాలువా పంపలేదు, డబ్బు పంపారు. వేలకొలది డాలర్లు వచ్చిపడ్డాయి. 1953లో ఆమె పేరనే వైద్యశాల వెలసింది. 1971లో ఉద్యోగ విరమణ చేసేదాక ఆమె అక్కడనే పనిచేశారు. పాఠకుడు చూసినది ఆమె గొప్పతనాన్ని మాత్రమే అయితే చప్పట్లు కొట్టి పుట త్రిప్పేవాడు. ఆమె చేతిలో లేనిదేమిటో కూడ చూశాడు గనుకనే చేయి జేబులోకి పోయింది.

అంతకు మూడేండ్ల ముందు, 1948లో, కొలరాడో కొండలలో పనిచేసే ఒక పల్లెటూరి వైద్యుని వెంట ఇదే స్మిత్ 23 రోజులు గడిపాడు. ఆ వైద్యుడు కెమెరాకు అలవాటు పడేదాక, మొదట్లో ఫిల్ము వేయకుండనే కెమెరా నొక్కేవాడని చెబుతారు. కెమెరాను చూడగానే జుట్టు సవరించుకొని నిలబడే మనిషి, అది ఎదుట ఉన్న సంగతి మరచి తన పనిలో పడటానికి పట్టే కాలమే చిత్రవ్యాసానికి పెట్టుబడి. మన విద్యార్థికి ఇయ్యవలసినది గంట కాదు, కనీసం వారం.

స్మిత్‌ను ఋషిని చేయనవసరం లేదు. 1954లో జగద్విఖ్యాతుడైన ఆల్బర్ట్ ష్వైట్జర్‌ను గురించి చేసిన చిత్రవ్యాసంలో, మొదటి చిత్రానికి మరొక నెగెటివు నుండి ఒక చేతిని, రంపపు పిడిని తెచ్చి అతికాడు. ఆరాధన ముదిరినచోట అలంకారం చొరబడటం కవిత్వంలోనే కాదు, కెమెరాలోను ఉన్నది. పేరులేనివారిని ఎన్నుకొంటే ఆ ప్రమాదం కొంత తక్కువ.

ఇక మన నేలకు వస్తే, డొక్కా సీతమ్మగారున్నారు. గోదావరి పాయ దాటి వచ్చే బాటసారులకు లంకల గన్నవరంలో వేళ కాని వేళ కూడ అన్నం పెట్టి, 1909లో కన్నుమూసిన ఇల్లాలు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంలో ఆమె చిత్రం కావాలని దొరతనంవారు కోరారనీ, పేరు కొరకు పెట్టే అన్నం కాదని ఆమె వద్దన్నారనీ, చిత్రం పంపకపోతే తన ఉద్యోగానికి ముప్పని అధికారి ప్రాధేయపడితే ఒప్పుకొన్నారనీ చెప్పుకొంటారు. ఆ రూపం మనకు మిగిలింది. మిగలనిదేదో తలచుకొంటే దిగులు కలుగుతుంది. ఆ ఇంటి పొయ్యిలు, అర్ధరాత్రి వచ్చినవాని కొరకు మళ్ళీ ఎసరు పెట్టిన చేయి, వానాకాలపు తడి కట్టెలు, ఆకు ముందు కూర్చున్న అనామకులు, వీరిలో ఎవరినీ ఏ కెమెరా చూడలేదు. ఆమె ముఖాన్ని ఎరుగుదుము. ఆమె పనిని విని నమ్ముతున్నాము.

ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆమె పేరు పెట్టారు. ఉచితమైన పేరే. అయితే ఆ పేరున అన్నం వండే చేతుల సంగతేమిటి? బడిలోనే వంట జరిగే ఊళ్ళలో, ఆ వండే స్త్రీకి లభించేది జీతం కూడ కాదు, గౌరవ వేతనం. ఆ మాటలోని గౌరవం ఏపాటిదో ఏ ఉపాధ్యాయుడైనా ఎరుగును. చిత్రవ్యాసానికి తగిన వ్యక్తి కొరకు వెదకుతూ ఊరంతా తిరిగే విద్యార్థి, రోజూ ఆమె చేతి అన్నం తిని చేయి కడుగుకొని పోతున్నాడు.

అతడు ఆమెను గరిటెతో నవ్వుతూ నిలబడమని అడుగకూడదు. ఆమె వచ్చే వేళకు తానూ రావాలి. నీళ్ళు ఎక్కడినుండి వస్తున్నాయో, బియ్యంలో రాళ్ళు ఎవరు ఏరుతున్నారో, పొగ ఎటు పోతున్నదో, అంత బరువైన గిన్నెను దింపటానికి రెండవ చేయి ఎవరిదో తియ్యాలి. పిల్లలందరూ తిన్న తరువాత ఆమె ఎప్పుడు, ఎక్కడ కూర్చుని తింటున్నదో తియ్యాలి. చిత్రం క్రింద వ్రాసే వాక్యంలో 'నిస్వార్థ సేవ', 'అన్నపూర్ణ' వంటి మాటలు వద్దు. ఎంతమందికి, ఎన్ని కిలోల బియ్యం, ఎన్ని గంటలకు పొయ్యి వెలిగింది, ఇవి చాలు.

అన్నిటికంటె ముందు ఆమెను అడగాలి. సీతమ్మగారు వద్దన్నట్లే ఆమె కూడ వద్దనవచ్చు. అప్పుడు ఏ అధికారి ఉద్యోగమూ అడ్డం పెట్టకుండ కెమెరా జేబులో పెట్టుకోవాలి. సరేనంటే, చిత్రాలు గోడకెక్కక ముందు ఆమె ఎదుట పరచి, ఇష్టం లేనివి తీసివేయనిచ్చి, 'వంట ఆయమ్మ' అని కాకుండ, ఆమె తన పేరు ఎట్లా చెబితే అట్లాగే ఇంటిపేరుతో సహా వ్రాసుకోవాలి.