కవలలకు ఒకే కొలబద్దా?

ఉర్దూలో జుడ్వా అన్నా, తెలుగులో కవలలన్నా, ఇద్దరూ ఒకేనాడు నడవాలని కోరడం మన ఇండ్లలో పరిపాటి. వెనుకబడిన బిడ్డకు మందమతి అనే ముద్ర పడుతుంది. ఇది అన్యాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాలను బట్టి, ఆరోగ్యవంతులైన శిశువులు 8వ నెల మొదలు 18వ నెల లోపు ఎప్పుడైనా ఆసరా లేకుండా నడవవచ్చు. కవలలు తరచు నెలలు నిండకమునుపే జన్మిస్తారు. అట్టివారి వయస్సును తొలి రెండేండ్లు కాన్పుకు నిర్ణయించిన తేదీ నుండి లెక్కించాలి.

గడువు దాటినా నడవని బిడ్డను నిందింపక వైద్యునికి చూపాలి. వెనుకబడినది ఆడపిల్ల అయితే, పాలూ పప్పూ ఆమెకు సమానంగా అందుతున్నవా అని ముందుగా విచారించాలి.

తల్లాడ ప్రాంతపు విద్యార్థులారా! అంగన్‌వాడీలో తూచిన బరువులను మీ ఇంటి తల్లులకు చదివి వినిపించండి. తోబుట్టువు బిడ్డకు తోడు కావాలి గాని కొలబద్ద కారాదు.