ఠాణా చిట్టాలోని జాతులు

2020 మే నెలలో అమెరికాలోని మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుని మెడపై ఒక పోలీసు ఉద్యోగి తొమ్మిది నిమిషములకు పైగా మోకాలు మోపి ప్రాణము తీసినప్పుడు మన దేశమున చదువుకొన్నవారెల్లరు ఆగ్రహించిరి. ఆగ్రహింపదగినదే. కాని ఆ ఆగ్రహము వెంట ఒక సంతృప్తి కూడ పొడసూపినది. జాతివిద్వేషము తెల్లవారి రోగమట, మన యింట అది లేదట! ఈ సంతృప్తికి మన కెట్టి యర్హతయు లేదు.

1871 అక్టోబరు 12వ తేదీన ఈ గడ్డమీద నేరస్థ జాతుల చట్టము పుట్టినది. వడ్రంగి కొడుకు వడ్రంగి యగునట్లు దొంగ కొడుకు దొంగయే యగునని, ఈ దేశమున చౌర్యము కూడ కులవృత్తియే యని దొరలు సిద్ధాంతము చేసిరి. ఆ సిద్ధాంతమునకు తాళము వేసినది మన కులాహంకారమే. 1911లో ఆ శాసనము మదరాసు రాజధానికి వ్యాపించెను. ఎరుకలవారు, యానాదులు, మరి యెన్నో జాతులవారు వేలిముద్రలిచ్చి, రాత్రివేళ నిద్ర మాని హాజరు పలికి, పొరుగూరు పోవలెనన్న చీటీ పుచ్చుకొని బ్రతుకవలసివచ్చెను. 1920లో మధుర జిల్లా పెరుంగామనల్లూరున వేలిముద్ర లియ్యమన్న కళ్లరులపై పోలీసులు తుపాకులు కాల్చి పదిహేనుగురికి మించి చంపిరి. జలియన్‌వాలా బాగు మన పిల్లలకు తెలియును. ఈ గ్రామము పేరు ఎందరికి తెలియును?

ఎరుకలవారు ఎవరు? సముద్రతీరమున ఉప్పు కొని, ఎద్దులపైనను గాడిదలపైనను లోనాటి గ్రామములకు చేర్చి, ధాన్యమునకు మారకము చేసిన వర్తకులు. గంపలల్లిరి, ఎరుక చెప్పిరి. ప్రభుత్వపు ఉప్పు విధానము ఒకవైపు, రైలుదారి మరియొకవైపు వారి వర్తకమును మింగివేసిన విధమును మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన గ్రంథమున విశదముగా నిరూపించియున్నారు. బ్రతుకుతెరువు తీసిన దొరతనమే న్యాయపీఠ మెక్కి, తెరువు పోగొట్టుకొన్నవానిని నీవు ఊరక తిరుగుచున్నావేల యని దండించినది! పిమ్మట సాల్వేషన్ ఆర్మీ వారి పెత్తనమున సెటిల్మెంటు లేర్పడెను. బాపట్ల దాపున హెరాల్డు స్టూవర్టు అను దొర పేర వెలసిన స్టూవర్టుపురము అట్టిదే. ఆ యూరి పేరు పెట్టుకొని 1991లో రెండు తెలుగు చలనచిత్రములు వచ్చినవి. ఆ యూరినుండి చదువుకొని ఉద్యోగములు చేయువారి గూర్చి ఎవరును చిత్రము తీయలేదు. ‘కేడీ’ యను మాట మనము నవ్వుచు వాడుదుము. ‘నోన్ డెప్రిడేటర్’ అను పోలీసు పద్దులోని తొలి యక్షరములే యవి.

ఈ పాపము స్వరాజ్యముతో కడుగుకొనిపోయినదని చెప్పుదురు. నెల్లూరి న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదులను సంఘటితపరచి చేసిన పోరాటము వృథా కాలేదు. 1947లో మదరాసు ప్రభుత్వము ఆ చట్టమును రద్దు చేసినది. మన తిరుచానూరి వాడైన అనంతశయనం అయ్యంగారి విచారణ సంఘము సిఫారసుపై 1952 ఆగస్టు 31న దేశమంతట అది తొలగెను. కాని పాత మందిరమున కొత్త విగ్రహము నిలిపినారు! జాతి పేరు తీసివేసి, ‘అలవాటుపడిన నేరస్థులు’ అను పేరుతో రాష్ట్రములు వేరు శాసనములు చేసినవి. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో చేసినారు. 2007లో ఐక్యరాజ్యసమితి వారి జాతివివక్ష నిర్మూలన సంఘమే ఇట్టి చట్టమును తీసివేయుడని మన ప్రభుత్వమును కోరినది. కులము వేరు, జాతి వేరు అని మన ప్రతినిధుల వాదము! లాఠీకి ఈ తర్కభేదము తెలియునా?

తెలియదని పురూలియా సాక్ష్యము చెప్పుచున్నది. 1998 ఫిబ్రవరి 10న పశ్చిమ వంగమునందలి ఆ జిల్లాలో బుధన్ శబరుడు భార్యతో పోవుచు తమలపాకుల అంగడి వద్ద ఆగెను. ఖేరియా శబరులు పాతచట్టపు చిట్టాలోనివారు. పోలీసులు పట్టుకొనిపోయి కొట్టిరి. ఏడవనాడు జైలుగదిలో అతడు శవమయ్యెను. తువాలుతో ఉరిపోసికొనెనని అధికారుల మాట. శవమును దహింపుడని తొందర చేసిరి. ఇక్కడ ఆ నిరక్షరాస్యులు చూపిన వివేకము న్యాయవాదులమైన మేము నేర్చుకొనదగినది. గడ్డిబొమ్మను తగులబెట్టి, శవమును గుడిసెలోనే పాతిపెట్టి సాక్ష్యము దాచిరి! శబరుల సంక్షేమ సమితియు, మహాశ్వేతాదేవియు కలకత్తా హైకోర్టు తలుపు తట్టిరి. ఆ జూలైలో న్యాయమూర్తి రూమా పాల్ వితంతువునకు పరిహారమును, సి.బి.ఐ. దర్యాప్తును ఆజ్ఞాపించిరి. అదే యేట అహమ్మదాబాదు ఛారానగరమునందలి ఛారా యువకులు, తామును అట్టి చిట్టాలోనివారే, బుధన్ కథను వీధినాటకముగా ఆడిరి.

తిరిగి తిరిగి నేరము చేయువానిపై కన్నువేయవద్దా యని పోలీసు శాఖవారు ప్రశ్నింతురు. శిక్షపడినవాని లెక్క ఉంచుకొనుడు, ఎవరు వలదనిరి? వాని కొడుకు పేరు, తమ్ముని పేరు, పేటలోని ప్రతి మగవాని పేరు ఆ పుస్తకమున కెక్కుటకు మీ కధికార మిచ్చిన దెవరు? ముద్దాయి చెడ్డనడతవాడను మాటను కోర్టులో సామాన్యముగా సాక్ష్యముగా గ్రహింపరు. కోర్టు వాకిట చెల్లని మాట ఠాణాలో మొదటి సాక్ష్య మగుచున్నది. 2024 మేలో సర్వోన్నత న్యాయస్థానమే అమానతుల్లా ఖాన్ వ్యాజ్యమున, విముక్త జాతుల అమాయకుల పేర్లు హిస్టరీషీట్లలో యాంత్రికముగా చేరుచున్నవని గుర్తించి, నియమములు సవరింపుడని రాష్ట్రములకు చెప్పినది. ఆ అక్టోబరు 3న సుకన్యా శాంత వ్యాజ్యమున జైళ్లలోని కులభేద నియమములను కొట్టివేసినది. హింసానిషేధ ఒడంబడికపై మన దేశము 1997లో సంతకము చేసి నేటికిని ధ్రువపరచలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు మురిగిపోయినది.

తీర్పు లెన్ని యున్నను పేటకు తమంత తాము నడచిరావు. హేమలతా లవణం దంపతులు స్టూవర్టుపురమున దశాబ్దములు శ్రమించి మనుష్యుల మనసులు మార్చిరి. చిట్టా వ్రాయువాని మనసు మార్చుటకు ఎవరు పూనుకొనిరి? ప్రతి తాలూకాలోను ఒక వకీలు, ఇద్దరు స్వచ్ఛంద సేవకులు చాలును. అరెస్టయినవాని బంధువునకు కబురు పోయినదా, అరెస్టు పత్రముపై సాక్షి సంతకమున్నదా, ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలిపిరా, నలువదియెనిమిది గంటల కొకమారు వైద్యుడు చూచెనా అని వారు ఠాణాకు పోయి అడుగవలెను. 1996 నాటి డి.కె. బసు తీర్పు అడుగు హక్కు నిచ్చినది. వచ్చు ఆగస్టు 31న విముక్తి దినము. ఆనాటికి రెండు తెలుగు ప్రభుత్వములును తమ ఠాణాలలోని షీట్లను జాతివారీగా లెక్కించి శాసనసభలలో ఉంచవలెనని జిల్లాకొక వినతిపత్రము పోవలెను. దానిపై మొదటి సంతకములు ఆ షీట్లలో పేర్లున్నవారివే కావలెను, మనవి తరువాత.