తనిఖీకి తయారవడమంటే సున్నం వెయ్యడమేనా?



వచ్చే వారం మన బడికి తనిఖీ వస్తోంది. నోటీసు బోర్డు మీద పెట్టకముందే మనందరికీ తెలిసిపోయింది. సోమవారం సున్నం బస్తాలు దిగాయి. ప్రార్థన చేసే చోట రాళ్ళకి రంగు పడింది. బీరువాలో ఉండే గ్లోబు సైన్సు గది బల్ల మీదకి వచ్చి కూర్చుంది. లోవ తలుపులమ్మ తల్లి దగ్గరికి పూజకి తెచ్చిన కొత్త బండిలా మెరిసిపోతోంది. ఎనిమిదో తరగతి తమ్ముడొకడు దాన్ని ఒకసారి తిప్పి, "అన్నా, ఇది మనదేనా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలీక మనదే అన్నాను.

నాకు సున్నం మీద కోపం లేదు. చుట్టాలొస్తారంటే మా అమ్మ కూడా ఇల్లు అలికి ముగ్గు పెడుతుంది. అంతేగాని పక్కింటి ధాన్యం తెచ్చి మా గాదెలో పోసి చూపించదు. ఆ రెంటికీ ఉన్న తేడా గురించే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పెద్దలు తప్పుగా అనుకోవద్దని మనవి.

ముందు మా అక్క సంగతి చెప్పాలి. ఇంటర్ అయ్యాక అక్క కొండ మీద మా ఊళ్ళోనే ఉండేది. ఒకాయన జీపులో వచ్చి కుట్టు శిక్షణ ఇస్తామన్నారు. మూడు నెలలు, తిండీ వసతీ ఉచితం, ఆ తరవాత ఉద్యోగం. ఊళ్ళ పిల్లలకి పని నేర్పాలని ప్రభుత్వం ఇలాంటి పథకాలు చాలా పెట్టింది. 2014లో దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన వచ్చింది, 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వచ్చింది. వీటిలో ఎక్కువగా శిక్షణ సంస్థలకి డబ్బిచ్చి వాళ్ళచేత నేర్పిస్తారు. అందుకని వాళ్ళు నిజంగా నేర్పుతున్నారా లేదా అని చూడడానికి తనిఖీలు పెడతారు. అక్క చేరింది ఏ పథకం కిందో ఆమెకే సరిగా తెలీదు. సంస్థ పేరు, ఊరి పేరు నేను రాయను.

అక్కడ ఉన్నవన్నీ తొక్కుడు మిషన్లే. పవర్ మిషన్లు రెండు, అందులో ఒకటి చెడిపోయింది. తనిఖీ రేపనగా రాత్రి తొమ్మిదింటికి ట్రాలీ ఆటోలో ఎనిమిది పవర్ మిషన్లు వచ్చాయి. అమ్మాయిలే మేడ మీదకి మోసుకెళ్ళారు. మానేసి వెళ్ళిపోయిన వాళ్ళ కుర్చీల్లో కూర్చోడానికి ఎవరెవరినో పిలిచారు. ఏమడిగితే ఏం చెప్పాలో కాగితం మీద రాసిచ్చి అప్పచెప్పించుకున్నారు. మర్నాడు వచ్చిన అధికారి మంచాయనేనట. అక్క దగ్గర ఆగి, "ఈ మిషను మీద కుట్టడం వచ్చా అమ్మా?" అని అడిగారు. "వచ్చు సార్" అంది అక్క. ఆయన కాగితం మీద టిక్కు పెట్టుకుని ముందుకి వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఆటో మళ్ళీ వచ్చింది.

శిక్షణ అయ్యాక అక్కని బట్టల ఫ్యాక్టరీకి పంపారు. అక్కడ అన్నీ పవర్ మిషన్లే. కాలు ఆనిస్తే చాలు, గుడ్డ పరుగెత్తిపోతుంది. నాలుగో రోజు సూది వేలిలో దిగింది. పన్నెండో రోజుకి ఇంటికొచ్చేసింది. సర్టిఫికెట్టు ట్రంకు పెట్టెలో అడుగున ఉంది. కిందటి పండక్కి నాతో ఒక మాట అంది: "ఆ రోజు రాదు సార్ అని ఉంటే తిట్టేవారేమోరా, కాని ఇంకో నెల నేర్పేవారేమో కూడా."

నేను ఈ వ్యాసం రాయడానికి ఆ ఒక్క మాటే కారణం.

మా అక్క ఒక్కత్తి సంగతే అయితే మన ఖర్మ అనుకోవచ్చు. కాని 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకి వచ్చిన కాగ్ నివేదిక చూడండి. కౌశల్ వికాస్ యోజన లెక్కల్లో, నేర్చుకున్నవాళ్ళ బ్యాంకు ఖాతా నంబరు రాయాల్సిన చోట లక్షలాది మందికి సున్నాలో, ఖాళీలో, అర్థం లేని అంకెలో ఉన్నాయట. ఒకే ఫొటోని వేరే వేరే వాళ్ళకి వాడిన సందర్భాలు కూడా దొరికాయట. అంటే కాగితం మీద గళ్ళన్నీ నిండిపోయాయి, ఆ గళ్ళ వెనక మనిషి ఉన్నాడా అని మాత్రం ఎవరూ చూడలేదు.

ఇది మన దేశంలోనే పుట్టిన జబ్బు అనుకోకండి. ఇంగ్లండులో 1862లో ఒక పద్ధతి పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల చేత చదివించి, రాయించి, లెక్కలు చేయించి, ఎంతమంది ప్యాసైతే బడికి అంత డబ్బు ఇచ్చేవారు. దాంతో అయ్యవార్లు పాఠం చెప్పడం తగ్గించి ఇన్‌స్పెక్టరు అడిగేవాటినే బట్టీ పట్టించారు. మనం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవాళ్ళం, ఇక్కడి బళ్ళకి కూడా ఫలితాన్ని బట్టి గ్రాంటిచ్చే పద్ధతి తెచ్చారు. ముప్పై ఏళ్ళు గడిచాక ఇంగ్లండు వాళ్ళే దాన్ని వదిలేశారు. మొన్నటికి మొన్న, 2024 సెప్టెంబరులో, అక్కడి ఆఫ్‌స్టెడ్ అనే తనిఖీ సంస్థ ప్రభుత్వ బళ్ళకి ఒక్క మాటలో గ్రేడు ఇవ్వడం కూడా ఆపేసింది. నాకది సబబుగానే తోచింది. బడిని ఒక్క మాటలో ఎలా చెప్తాం?

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పుకోవాలి. నేను ఏడో తరగతి దాకా వేరే హాస్టల్లో చదివాను. గొంతు గట్టిగా ఉందని తనిఖీ రోజున నన్ను ముందు వరసలో నిలబెట్టేవారు. "నీళ్ళు కాచి ఇస్తున్నారా బాబూ?" అని ఒక మేడం అడిగారు. "రోజూ కాచి చల్లార్చి ఇస్తున్నారు మేడం" అని పద్యంలా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. కాచడానికి అక్కడ సరిపడా గ్యాసే ఉండేది కాదు. మా అదృష్టం బావుండి ఆ ఏడాది ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ సంగతి మర్చిపోయాను. 2025 అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం బాలికల గురుకులంలో వందమందికి పైగా పిల్లలకి కామెర్లు వచ్చాయని పేపర్లో చదివినప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరు చెల్లెళ్ళు చనిపోయారు. అక్కడ లోపం ఎవరిదో తేల్చే వయసూ అధికారమూ నాకు లేవు. కాని ఆ రాత్రి స్టడీ అవర్‌లో పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నానే గాని ఒక్క ముక్క ఎక్కలేదు. ఆ మేడం నన్ను అడిగింది నా గొంతు వినడానికి కాదు కదా! కామెర్లు కలుషితమైన నీళ్ళ వల్ల వస్తాయని మన సైన్సు సారు చెప్పారు. నీళ్ళ గురించి చెప్పే అబద్ధం మిగతా అబద్ధాల్లాంటిది కాదు.

వార్డెను గారి ఇబ్బంది నాకు తెలీక కాదు. లోపం బయటపడితే మెమో ముందు వచ్చేది ఆయనకే. మోటారు బాగుచెయ్యమని పైకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసినా, చివరికి "మీరేం చేస్తున్నారు?" అని అడిగేది ఆయన్నే. అందుకే పెద్దలు దాస్తారు. ఇందులో తనిఖీ చేసేవాళ్ళ తప్పు కూడా ఉందని నా అభిప్రాయం. నిజం చెప్పినవాడిని శిక్షించి, సున్నం వేసినవాడికి "సంతృప్తికరం" అని రాసిచ్చి వెళ్తే, మరుసటి ఏడు ఎవరైనా సున్నమే వేస్తారు. తుని మార్కెట్లో మామిడికాయలు కొనేవాళ్ళని చూడండి. తెలిసినవాడు బుట్టలో పైకాయలు చూడడు, అడుగుకి చెయ్యి పెడతాడు. అడుగున ఒకటి రెండు మచ్చ కాయలున్నంత మాత్రాన బుట్ట తన్నేసి పోడు, బేరం ఆడతాడు.

మరి తయారవడమంటే ఏంటి? కాలేజీల నాణ్యతని చూసే న్యాక్ అనే సంస్థ 1994లో ఏర్పడింది. అది కూడా తన మనుషుల్ని పంపేముందు, మీ గురించి మీరే ఒక నివేదిక రాసుకోండి అని కాలేజీని అడిగేది. మనమూ అదే చేద్దామని నేనూ, మరో ఇద్దరు మిత్రులూ కిందటి ఆదివారం బడంతా తిరిగి ఒక జాబితా రాశాం. కుళాయిలు పదకొండు, నీళ్ళొచ్చేవి ఏడు. బాత్రూం తలుపుల్లో మూడింటికి గడియ లేదు. కంప్యూటర్లు పదిలో ఆరు పనిచేస్తున్నాయి. నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కడిగారో దాని మీద తేదీ లేదు. రాత్రి పూట ఎవరికైనా జ్వరం వస్తే చూడడానికి నర్సు లేదు. ఇదన్నింటికంటే పెద్దది, దీని కింద రెండు గీతలు గీశాం.

రాస్తుంటే ఇంకోటి తట్టింది. మంచివాటికి కూడా ఏ రిజిస్టరులోనూ గడి లేదు. లెక్కల సారు జీతం లేని పనిగా రాత్రి తొమ్మిదిన్నర దాకా మన దగ్గరే కూర్చుంటారు. వంట చేసే ఆయమ్మ జ్వరమొచ్చిన పిల్లలకి వేరే గిన్నెలో జావ కాస్తుంది. కువ్వి మాట్లాడే ఆరో తరగతి తమ్ముళ్ళకి పైతరగతి అన్నలు తెలుగు అర్థం చెప్తున్నారు. ఇవేవీ తనిఖీ కాగితంలో రావు. అందుకని జాబితాకి రెండో పేజీ పెట్టి ఇవి కూడా రాశాం. వార్డెను గారు పైకి రాసిన ఉత్తరాల నకళ్ళు ఇస్తే మూడో పేజీగా కడతాం. అప్పుడు అధికారికి ఎవరి పని ఎక్కడ ఆగిందో ఒక్క చూపులో తెలుస్తుంది, మెమో ఎవరికి వెళ్ళాలో కూడా తెలుస్తుంది.

నిన్న సాయంత్రం భయపడుతూనే వార్డెను గారికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. కాసేపు ఏమీ అనలేదు. తరవాత "కుళాయిలు పదకొండు కాదురా, పన్నెండు. వంటింటి వెనకది మర్చిపోయావు" అన్నారు. సంతకం పెడతాననలేదు, పెట్టననీ అనలేదు.

జాబితాని ఈ కాగితం కిందే గుండుసూదితో గుచ్చాను. మీకు కనబడ్డవి పెన్సిలుతో కలపండి. పేరు రాయక్కర్లేదు. లేనివి రాయొద్దు, కోపంతో రాయొద్దు. గురువారం రాత్రి భోజనాలయ్యాక సాఫు ప్రతి రాస్తాను. దస్తూరి బావున్నవాళ్ళు ఇద్దరు సాయం రావాలి. వంటింటి వెనక కుళాయిలో నీళ్ళు వస్తున్నాయో లేదో ఈలోగా ఎవరైనా చూసి చెప్పండి.

— పదవ తరగతి విద్యార్థి