ఎలివేషన్ ఎవరి కోసం?

ఆమధ్య ఇంటిపని చేసే స్త్రీల సమావేశం కోసం జంగారెడ్డిగూడెం వెళ్లి, బంధువుల అపార్ట్‌మెంటులో రెండు రోజులున్నాను. మొదటిరోజు ఉదయం తడిచీర వీధివైపు బాల్కనీలో ఆరవేశాను. పది నిమిషాలు కాకముందే వాచ్‌మన్ భార్య పైకి వచ్చింది. “అమ్మా, చీర తీసేయండి. ప్రెసిడెంటుగారు చూస్తే మమ్మల్ని తిడతారు” అంది. మా వదిన నొచ్చుకుంటూ చీర తీసి, పడకగదిలో ఫ్యాను కింద కట్టిన తాడు మీద వేసింది. “ఏం చెయ్యను వదినా, ఎలివేషన్ పాడవుతుందట” అంది. బయట ఎండ మండిపోతోంది. బట్టలు మాత్రం చీకటిగదిలో ఆరుతున్నాయి.

బిల్డర్ల నోట పుట్టి ఇవాళ ఇంటింటి మాట అయిపోయిన ఎలివేషన్ అంటే, రోడ్డు మీద నుంచి చూసేవారికి కట్టడం కనిపించే తీరు. లోపల బతికేవారికి ఆ కట్టడం ఎలా ఉందన్నది ఆ మాటలో లేదు.

మన ఊళ్లలో ఈ ముఖాలు చాలా మారాయి. వెనకటి డాబాలకు సిమెంటు జాలీలు, కిటికీల మీద సన్‌షేడ్లు ఉండేవి. జాలీ గాలినిచ్చేది, సన్‌షేడ్ ఎండనూ వాననూ ఆపేది. తర్వాత రోమన్ స్తంభాలు, ఆర్చీలు వచ్చాయి. ఆ పిమ్మట అద్దాలు, అల్యూమినియం పలకలు. ఇప్పుడు బూడిదరంగు గోడలు, చెక్కను పోలిన పలకలు, వాటి సందుల్లో దీపాలు. పొగాకు, పామాయిల్ తోటల మధ్య ఉన్న జంగారెడ్డిగూడెం దాకా హైదరాబాదు, విజయవాడ ముఖాలే వచ్చేశాయి. పడమటి ఎండకు ఎదురుగా అద్దం బిగిస్తే ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో ఉండేది ఎక్కువగా ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

అలాగని పాత ఇళ్లన్నీ మంచివని నేననను. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో వీధి అరుగు మగవాళ్లది. పంచాయితీలు, చుట్టలు, కబుర్లు అక్కడ. స్త్రీలకు లోపలి మండువా, పెరడు. కూలికొచ్చిన దళిత స్త్రీకి ఆ అరుగు మీద కూర్చునే హక్కే లేదు. ఇంటి ముఖం ఎప్పుడూ అధికారం ఎవరిదో చెబుతూనే ఉంది. ఇప్పుడు అరుగు పోయింది, అధికారం పోలేదు.

బట్టలు ఆరవేయకూడదని తీర్మానించింది ఎవరు? 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ఫ్లాటు యజమానుల సంఘానికి చోటిచ్చింది. మా వదిన ఉంటున్న ఫ్లాటు మా అన్నయ్య పేర ఉంది. అంచేత ఆ మీటింగుకి వెళ్లింది ఆయనే. బట్టలు ఉతికే మనిషికి, ఎక్కడ ఆరవేయాలో చెప్పే హక్కు లేదు. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఉండాలని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆస్తి కాగితం మీద పేరు లేకపోతే బాల్కనీలో దండెం కట్టుకునే స్వేచ్ఛ కూడా ఉండదని ఆ రోజు అర్థమైంది.

ఈ ముఖాన్ని నిలబెట్టిన చేతుల సంగతి చూద్దాం. ఇసుక, సిమెంటు తట్టలు మోసి నాలుగో అంతస్తు ఎక్కించేది స్త్రీలే. కానీ తాపీ పట్టి మేస్త్రీ అనిపించుకున్న స్త్రీ ఎంతమందికి తెలుసు? సమాన పనికి సమాన వేతనమని 1976 చట్టం అంటే, స్త్రీది ‘కూలి’, పురుషుడిది ‘పనితనం’ అని పేర్లు మార్చి తేడా నిలబెట్టారు. 50 మందికి మించి స్త్రీలు పనిచేసేచోట పసిపిల్లలకు గది ఉండాలని 1996 నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఇసుక కుప్ప పక్కన చీర ఉయ్యాల్లో ఏడ్చే బిడ్డను మనం అందరం చూశాం. కట్టడం పూర్తయ్యాక కూడా అంతే. నా చీర తీయించిన ఆ తల్లి కుటుంబం పార్కింగులో మెట్ల కింద, కిటికీ లేని గదిలో ఉంటోంది. ఇళ్లల్లో పనిచేసే స్త్రీలకు మరుగుదొడ్డి లేదని ఆ సాయంత్రం సమావేశంలో ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ముందుగోడ దీపాలకు డబ్బుంటుంది, దీనికి ఉండదు.

ఇది తప్పనిసరి ఏమీ కాదు. ఆస్ట్రియాలో వియన్నా నగరపాలక సంస్థ 1990లలో ఒక గృహసముదాయం రూపకల్పనను స్త్రీ ఆర్కిటెక్టులకే అప్పగించింది. 1997లో పూర్తయిన ఆ ‘ఫ్రావెన్ వెర్క్ స్టాట్’లో పిల్లల బడి ఆవరణలోనే ఉంది, మెట్లదారుల్లోకి వెలుతురు వస్తుంది, వంటగదిలోంచి ఆడుకునే పిల్లలు కనిపిస్తారు. వంటగది స్త్రీదేనని ఒప్పుకున్నట్టు కాదా అని మీరడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నే. చాకిరీ పంచుకునే రోజు కోసం పోరాడుతూనే, ఇవాళ చాకిరీ చేస్తున్న మనిషికి గాలీ వెలుతురూ అడగడంలో తప్పులేదు.

అందుకని మన సంఘాలు ఈ విషయాన్ని ఇంటి గొడవగా వదిలేయకూడదు. ప్రతి అంతస్తులో ఎండ తగిలే దండెం చోటు, పనిచేసే స్త్రీలకు కింద మరుగుదొడ్డి, వాచ్‌మన్ కుటుంబానికి కిటికీ ఉన్న గది, కాపురముండే స్త్రీలకు యాజమాన్యంతో పని లేకుండా సంఘంలో ఓటు అడుగుదాం. ఫ్లాటు కొనేటప్పుడు ఇద్దరి పేరా రిజిస్ట్రేషన్ చేయించమని మన స్నేహితులకు చెబుదాం. మీ అపార్ట్‌మెంట్లలో ఇలాంటి తీర్మానాలు ఎవరు చేశారో, ఎవరి మీద అమలవుతున్నాయో మాకు రాయండి.

తిరుగు ప్రయాణం రోజు ఉదయం మా వదిన వీధివైపు బాల్కనీలో రెండు చీరలు ఆరవేసింది. ఈసారి తీసేయమని అడగడానికి ప్రెసిడెంటుగారినే రమ్మని కబురు పంపింది.