తాతయ్య ఎవరికి తాతయ్య?

మా తాతగారి పేరే నాకు పెట్టారు. ఆయన 1901లో ప్లవ నామ సంవత్సరంలో జన్మించారు. నేను అరవై ఏళ్ళ తరువాత, 1961లో, మళ్ళీ వచ్చిన ప్లవలో పుట్టాను. ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే, సంవత్సరం పేరూ ఒకటే. చిన్నప్పుడు ఈ సంగతిని గర్వంగా చెప్పుకొనేవాణ్ణి. ఈ మధ్య ఆ గర్వమే నా మెడకు చుట్టుకున్నది.

పదేళ్ళ క్రితం తాతగారి జాతకచక్రాన్ని స్కాను చేసి, ఆ ఫైలుకు "తాతయ్య జాతకం" అని పేరు పెట్టాను. తరువాత ఒక వానాకాలంలో అసలు కాగితం చెదల పాలయింది. మొన్న మా అమ్మాయి నా జాతకాన్ని స్కాను చేసి, తన కొడుకు నన్ను పిలిచే పిలుపుతో, దానికీ "తాతయ్య జాతకం" అనే పేరు పెట్టింది. ఆ పేరుతో ఇదివరకే ఒక ఫైలు ఉన్నది, దాని స్థానంలో దీనిని ఉంచమంటారా అని కంప్యూటరు అడిగింది. అమ్మాయి పాతదాన్ని తెరిచి చూసింది. శకసంవత్సరం రాసి ఉన్న పై అంచు ఏనాడో చిరిగిపోయింది. మిగిలినచోట అదే ఇంటిపేరు, అదే పేరు, అదే ప్లవ. చిన్న చిన్న అక్షరాలలో ఉన్న మాసతిథులను పరిశీలించే ఓపిక ఎవరికుంటుంది? ఒకే కాగితానికి మసకగా వచ్చిన ప్రతి కాబోలుననుకొని సరేనన్నది.

వారం తరువాత నేను ఆ ఫైలు తెరిచేసరికి చక్రంలో రాహువు సింహంలో ఉన్నాడు. మా తాతగారికి రాహువు తులలో ఉండాలి. గురుడు సుమారు 12 ఏళ్ళకు, శని సుమారు 30 ఏళ్ళకు రాశిచక్రాన్ని చుట్టివస్తారు గనుక 60 ఏళ్ళకు ఇద్దరూ ఇంచుమించు పాత చోటికే చేరుకుంటారు. రాహువుకు ఒక చుట్టుకు 18 ఏళ్ళ పైచిలుకు పడుతుంది. అందువల్ల అతడొక్కడు ఆ లెక్కకు లొంగడు. రాహువు ఉపకారం చేయడం నేను చూడటం అదే మొదలు! అదృష్టవశాత్తు ఒక పాత సీడీలో తాతగారి చక్రం ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నది.

తప్పు అమ్మాయిది కాదు, నాది. దశాబ్దాల పాటు పిల్లలకు నామవాచకమూ సర్వనామమూ బోధించినవాణ్ణి. "తాతయ్య" అన్నది నామవాచకం వేషం వేసుకున్న సర్వనామమని గ్రహించలేకపోయాను. చెప్పేవాడు మారితే అది సూచించే మనిషే మారిపోతాడు. "ప్లవ" కూడా అంతే. ఆ మాట రాసినవాడు బతికి ఉన్నంతకాలం ఏ ప్లవయో అందరికీ తెలుసు. ఆ తరువాత అది 1901 కావచ్చు, 1961 కావచ్చు, 2021 కావచ్చు. పేరు పెట్టినవాడు పక్కన లేకపోయినా అర్థమయ్యేదే పేరు. ఈ విషయంలో నా వాదమంతా ఇంతే.

అప్పటినుండి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. ముందు సంవత్సరం నాలుగంకెలలో, తరువాత నెల, తేదీ రెండేసి అంకెలలో. పిదప ఇంటిపేరు, పేరు, ఊరు, చివర అది ఏమిటో ఒక్క మాట. ఈ వరుసలో రాస్తే ఫైళ్ళు వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. జులైని 7 అని కాక 07 అని రాయాలి. లేకుంటే కొన్నిచోట్ల 10 వచ్చి 7కు ముందు కూర్చుంటుంది. తెలియని నెలకూ తేదీకీ సున్నలు పెడతాను. ఊహించి నింపిన తేదీ కంటే 1901-00-00 నిజాయితీ గల తేదీ. పత్రంలో తెలుగు సంవత్సరం ఉంటే దానినీ చేరుస్తాను. అయితే ఒక జాగ్రత్త ఉన్నది. ప్లవ 1901 ఉగాదికి మొదలై 1902 ఉగాది దాకా నడిచింది. మాఘఫాల్గుణాలలో జరిగిన సంగతి 1902 కిందికి వస్తుంది.

పేర్లు తెలుగు లిపిలో పెట్టవచ్చునా? నిస్సంకోచంగా పెట్టవచ్చు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. కాకపోతే లినక్సులో ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్ల హద్దు ఉన్నది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు కూడా, మూడేసి బైట్లు పడతాయి. అంటే గుర్తులతో కలిపి సుమారు 85. పేరులో ప్రబంధం రాయబోతే చెల్లదు. మిగతా కథ అదే సంచిలో ఒక చిన్న పాఠ్యపు ఫైలులో రాసుకోవాలి.

ఇప్పుడు ఫోనే ముఖాలు పోల్చుకొని తేదీల వారీగా సర్దిపెడుతున్నది, ఈ శ్రమ దేనికి అని మా అబ్బాయి అంటాడు. పాత ఫొటోను స్కాను చేస్తే ఆ యంత్రానికి తెలిసేది స్కాను చేసిన తేదీ మాత్రమే. రెండు పటాలలో ఉన్నది ఒకే ముఖమని అది చెప్పగలదు. ఆమె ఎవరో మనం చెప్పాలి.

ఆమె అనే అంటున్నాను. మా ఇంటి పాత పటాల ఫైళ్ళన్నీ వరుసగా చూస్తే మగవారికి పేర్లున్నాయి. ఆడవారు "భార్య", "కోడలు", "పెద్దమ్మాయి". మా నాయనమ్మ ఉన్న ఫైలు పేరు "తాతయ్య దంపతులు". ఆ పేరు పెట్టినది కూడా నేనే. ఆమె పుట్టింటి ఇంటిపేరు రాద్దామంటే నాకు తెలియదు. ఆరుపదులు దాటినవాడికి, ఆమె చేతి ముద్దలు తిన్నవాడికి, తెలియదు! తొంభై దాటిన మా మేనత్తకు ఫోను చేశాను. ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోకుండా ఇంటిపేరు, ఊరు, తండ్రి పేరు చెప్పి, "ఇన్నాళ్ళకు అడిగావురా" అన్నది.

ఆ రాత్రే ఆ ఫైలు పేరు మార్చాను. నాయనమ్మ పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరుతో సహా, ఇప్పుడు అక్కడ ఉన్నది. మీ ఇంట్లో కూడా అటువంటి మేనత్త ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఫైళ్ళు తరువాత సర్దుకోవచ్చు, ముందు ఆమెకు ఫోను చేయండి.