బండరాతి మీద గాజుమేడ

పల్లెటూరి కథతో సినిమా తీయాలంటే స్టూడియోలో మండువా లోగిలి వెలవవలసిందే. నడుమ ఆకాశం, చుట్టూ వసారా, వీధివైపు అరుగు. ఆ సెట్టు దాటి ఫిల్మ్‌నగర్ నుండి జూబ్లీహిల్స్ వైపు నాలుగడుగులు వేస్తే, పడమటి ఎండకు ఎదురొడ్డి నిలిచిన గాజుగోడలు! తెరమీద మనం మెచ్చే ఇంటికీ, మనం కట్టుకునే ఇంటికీ ఇంత దూరమేల?

ఇతరులను అనేముందు నా తప్పు ఒప్పుకోవాలి. మా ఇంటి హాలుకు పడమట గాజుగోడ ఉండాలని పట్టుబట్టినవాణ్ణి నేనే. నాలుగు వేసవులుగా దానికి మందపాటి తెర కప్పి, పట్టపగలు దీపం వెలిగించుకుని చదువుకుంటున్నాను.

ఎండకోసం మొహంవాచే చలిదేశాలలో గాజు వరమే. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో అది వేడిని లోపల బంధిస్తుంది. ఆ వేడిని ఏసీ తోడి వీధిలో పోస్తుంది. ఆ వీధికి దిగువన ఫిల్మ్‌నగర్ బస్తీలో రేకుల కప్పుల క్రింద కాపురాలున్నాయి. మన చల్లదనానికి వారు చెల్లిస్తున్న మూల్యం ఏ కరెంటు బిల్లులోనూ కనబడదు.

అలాగని రెండువందల గజాల స్థలంలో మండువా కట్టమనడం లేదు. రూపాన్ని కాదు, కిటుకును అందిపుచ్చుకోవాలి. వేడిగాలి పైకి పోయే దారి, గోడకు నీడ, ఎండను వడగట్టే జాలీ ఉంటే చాలు. హైటెక్ సిటీ దగ్గరి సీఐఐ గోద్రెజ్ హరిత భవనానికి 2003లో అమెరికావారి లీడ్ ప్లాటినం గుర్తింపు దక్కింది. ఆ గౌరవం తెచ్చిన భవనంలో ఉన్నవేమిటి? నడుమ ముంగిలి, జాలీ గోడలు, గాలిగోపురాలు! మన పెరటిచెట్టే మందైంది, పొరుగువారు చెప్పాక.

నేలను గౌరవించడమూ ఇందులో భాగమే. ఈ కొండలు దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు. నరేంద్ర లూథర్ బంజారాహిల్స్‌లో తన ఇంటిని బండను పగలగొట్టకుండా, దానిని గదిలో కలుపుకుని కట్టుకున్నారు. మనమేమో మందుగుండుతో మొదలుపెడతాం.

తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది. అది మేడలకన్నా ముందు రేకుల ఇళ్లకు చేరితేనే సార్థకమని నా అభిప్రాయం. నా మటుకు నేను ఈ వేసవిలోపు ఆ గాజుకు వెలుపల జాలీ కట్టించదలచాను. నాలుగేళ్లు ఆలస్యమైనా, తెర తీయాలనే ఉంది.